బదిలీ ఉత్తర్వు లేని ప్రయాణం

మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ మన బడిలోని తెలుగు పిల్లలు నలుగురైదుగురు ఒకచోట చేరతారు. ఒకరోజు నేనూ వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని, "వలస వెళ్లినవాళ్లు అంటే ఎవరు?" అని అడిగాను. "మా బాబాయి. న్యూజెర్సీలో ఉంటాడు" అంది ఏడో తరగతి అమ్మాయి. "లింబాయత్‌లో మగ్గాలు నడిపేవాళ్లు" అన్నాడు ఇంకొకడు. "మరి మనం?" అన్నాను. అందరూ నవ్వేశారు. "మనది ట్రాన్స్‌ఫర్ కదా, మేడమ్!"

ఆ జవాబు చాలా రోజులు నాకు గుర్తుండిపోయింది. అది తప్పు జవాబు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. సొంత ఊరు విడిచి ఇంకోచోట బతకడం ముగ్గురి విషయంలోనూ ఒకటే. తేడా చేతిలో ఉన్న కాగితంలో ఉంది. న్యూజెర్సీ బాబాయి దగ్గర వీసా ఉంది. మన ఇళ్లలో బదిలీ ఉత్తర్వు ఉంది. లింబాయత్ వాళ్ల దగ్గర ఏముంది? ఆ సంగతి చెబుదామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాస్తూ పోతే మన కాగితం కూడా మనం అనుకున్నంత గట్టిది కాదని తేలింది.

ముందు దాన్నే చూద్దాం. బదిలీ ఉత్తర్వు ఒకటి రెండు పేజీలకు మించదు. కానీ దాని వెనక ఎంత సరంజామా వస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సామాన్ల లారీకి భత్యం, కొత్తచోట చేరడానికి గడువు, అదృష్టం ఉంటే క్వార్టరు, మీకు బడిలో సీటు. 1963లో కేంద్రీయ విద్యాలయాల సంస్థ మొదలైందే మనలాంటి కుటుంబాల కోసం. విశాఖలో సగం చదివిన పాఠాన్ని సూరత్‌లో మిగతా సగం చదువుకోవచ్చు. ఇక్కడ ప్రవేశాలప్పుడు గత 7 ఏళ్లలో అమ్మకో నాన్నకో ఎన్ని బదిలీలు అయ్యాయో కూడా చూస్తారు. ఎక్కువసార్లు ఊరు మారినవాళ్లకు ముందు చోటిస్తారు. ఊళ్లు మారడాన్ని అర్హతగా లెక్కించే చోట్లు చాలా అరుదు. మిగతా చోట్ల అది లోటుగానే లెక్కకు వస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

ఇక లింబాయత్. రైలు పట్టాలకు అవతల, ఉధ్నా వైపు వెళ్తే, ఆ పేటల్లో తెలుగు వినబడుతుంది. దసరా ముందు బతుకమ్మలు పేరుస్తారు. వాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. ఊళ్లో చేనేత మగ్గం మిల్లు గుడ్డతోనూ, మరమగ్గంతోనూ పోటీపడలేక ఆగిపోతే, చేతిలో పనితనం ఉన్నవాళ్లు మగ్గాలున్న ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. కొందరు షోలాపూర్, కొందరు భివండీ, కొందరు సూరత్. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ టకటక శబ్దమే ఇక్కడా రాత్రింబవళ్లు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. గుజరాత్‌లో ఒక నగరపాలక సంస్థ తెలుగులో అఆలు నేర్పిస్తోందంటే దానికి కారణం ఆ నేతవాళ్లే. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతుంది. మన బడిలో తెలుగు అంటే పత్రికలోని ఈ నాలుగు పేజీలే. అక్కడ అది పాఠ్యపుస్తకం.

ఆ నేతగాడు నల్లగొండలో రైలెక్కినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు. అడగనక్కరలేదు కూడా. రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరునికీ దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు, ఎక్కడైనా నివాసం ఏర్పరచుకునే హక్కు, నచ్చిన వృత్తి చేసుకునే హక్కు ఇచ్చింది. షెడ్యూల్డు తెగల ప్రాంతాల వంటి చోట్ల కొన్ని పరిమితులు పెట్టవచ్చు, అంతే. 15వ అధికరణం పుట్టిన ఊరిని బట్టి వివక్ష చూపకూడదంటుంది. మూడో కాగితం ఏదని అడిగాను కదా, అది ఇదే. సూరత్‌లో ఉండి ఈ మాట చెబుతుంటే నాకొకటి గుర్తొస్తుంది. ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ ఈ ఊళ్లో గిడ్డంగి పెట్టుకోవడానికి 1613లో జహంగీర్ చక్రవర్తి ఫర్మానా కోసం కాచుకోవాల్సి వచ్చింది. నల్లగొండ నేతగాడికి ఏ ఫర్మానా అక్కరలేకపోయింది.

ఇది చిన్న విషయమేమీ కాదు. అమెరికాలో కూడా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పేదవాళ్లు వెళ్లడం నేరమైన రోజులున్నాయి. కరువుతో, దుమ్ము తుపాన్లతో పొలాలు పాడై లక్షల మంది కాలిఫోర్నియా బాట పట్టిన కాలమది. 1939 డిసెంబరులో ఎడ్వర్డ్స్ అనే అతను టెక్సాస్ వెళ్లి, పనిలేక ఉన్న బావమరిదిని తన కారులో కాలిఫోర్నియాకు తీసుకొచ్చాడు. బావమరిది బయలుదేరినప్పుడు జేబులో ఉన్నవి సుమారు 20 డాలర్లు, చేరేసరికి అవీ అయిపోయాయి. బీదవాణ్ని రాష్ట్రంలోకి తెచ్చినందుకు ఎడ్వర్డ్స్‌కు శిక్ష పడింది! 1941లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టివేసింది. చేతిలో డబ్బు లేనంత మాత్రాన మనిషి సరిహద్దు దాటకూడదనడానికి రాష్ట్రానికి అధికారం లేదని తేల్చింది.

సరే, సరిహద్దు దాటారు. దాటాక ఏమవుతుంది? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మనిషి కదులుతాడు, కానీ అతని హక్కులు చాలావరకు చిరునామాకు కట్టేసి ఉంటాయి. రేషన్ కార్డు ఊళ్లో డీలరు దగ్గర, ఓటు ఊళ్లో జాబితాలో, కుల ధ్రువీకరణ ఊళ్లో తహశీల్దారు దగ్గర. అన్నట్టు ఇక్కడ తహశీల్దారును మామలతదార్ అంటారు. పేరే కాదు, ఆయన దగ్గరున్న జాబితా కూడా వేరు.

రేషన్ సంగతి తీసుకోండి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. చట్టం దేశమంతటికీ ఒకటే, కానీ కార్డు మాత్రం ఒక దుకాణానిది. ఊళ్లో ఉండి అడిగితే హక్కు, సూరత్‌లో ఉండి అడిగితే "మీ ఊరెళ్లి తీసుకోండి". దీన్ని మార్చడానికి వచ్చిందే 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు'. 2019 ఆగస్టులో అది రెండు జతల రాష్ట్రాలతో మొదలైంది. ఒక జత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది గుజరాత్, మహారాష్ట్ర. మీలో చాలామందికి పుట్టిన రాష్ట్రమూ, ఇప్పుడు చదువుతున్న రాష్ట్రమూ రెండూ ఆ మొదటి నాలుగింటిలోనే ఉన్నాయన్నమాట! 2020 జనవరికి ఆ రెండు జతలూ, ఇంకో ఎనిమిది రాష్ట్రాలూ ఒకే వలయంలోకి వచ్చాయి.

ఆ తర్వాత రెండు నెలలకే లాక్‌డౌన్. మీరప్పుడు చిన్నపిల్లలు. 2020 మార్చి 25న దేశమంతా మూతపడింది, సూరత్ మగ్గాలు ఆగిపోయాయి. ఇక్కడి మరమగ్గాల కార్మికుల్లో అధిక సంఖ్యాకులు ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. ఒడిశా ఆ రేషన్ వలయంలో చేరింది 2020 జూన్‌లో. అంటే ఏప్రిల్‌లో పని, కూలి, తిండి మూడూ కరువైనప్పుడు వాళ్ల కార్డు ఇక్కడ పనికిరాలేదు. జీతాలిప్పించమని, ఇళ్లకు పంపమని వాళ్లు సూరత్ రోడ్లమీదికి వచ్చారు. మే 1న మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. అది కదిలింది మన లింగంపల్లి స్టేషను నుంచే, జార్ఖండ్‌లోని హతియాకు. ఒడిశాలో కార్డు చెల్లుబాటు మొదలయ్యేనాటికి ఇక్కడున్న ఒడియావాళ్లలో చాలామంది ఇళ్లదారి పట్టేశారు.

మే 26న సుప్రీంకోర్టు ఎవరూ పిటిషన్ వేయకుండానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. 2021 జూన్ 29న తీర్పిస్తూ, అన్ని రాష్ట్రాలూ జులై 31లోగా ఈ రేషన్ పద్ధతిని అమలు చేయాలని ఆదేశించింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఏర్పాటు కూడా ఆలస్యం చేయొద్దంది. ఆగస్టులో ఇ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో రేషన్ వలయం దేశమంతటా పూర్తయింది. ఇప్పుడు లింబాయత్‌లో ఉన్న తండ్రి ఇక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు, ఊళ్లో ఉన్న నాయనమ్మ అదే కార్డుమీద అక్కడ తన వాటా తీసుకోవచ్చు. ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే. కుటుంబం రెండు చోట్ల ఉంటుందని ఒక ప్రభుత్వ పద్ధతి మొదటిసారిగా ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. అయితే కార్డుతో పాటు ప్రయాణించేది కేంద్రం ఇచ్చే ధాన్యమే. రాష్ట్రం తన ఖర్చుతో అదనంగా కలిపేది రాష్ట్రంలోనే ఆగిపోతుంది.

పని సంగతి చూస్తే చట్టం పాతదే. అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఒడిశాలో దాదన్ అనే పద్ధతిలో ముందు బయానా ఇచ్చి కూలీలను దూరప్రాంతాలకు తోలుకుపోయేవారు. ఆ దోపిడీ చూసి చేసిన చట్టమిది. మన పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకు దేశమంతా వెళ్లిన కథ కూడా ఇలాంటిదే. గుత్తేదారు లైసెన్సు తీసుకోవాలి, ప్రతి కార్మికుడికీ ఫొటోతో పాస్‌బుక్కు ఇవ్వాలి, అదే పని చేసే స్థానికుడి కంటే కూలి తగ్గకూడదు, దారిఖర్చులివ్వాలి, ఉండటానికి చోటు, వైద్యం చూడాలి. ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగమో లేక 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది వేరే భత్యంగా ఇవ్వాలి. చదువుతుంటే మన బదిలీ భత్యాలే గుర్తొస్తాయి, కదూ?

కానీ ఇది గుత్తేదారు తీసుకొచ్చినవాళ్లకే వర్తించేది. సూరత్‌కు మనిషి అలా రాడు. "ఇక్కడ నాలుగు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి, వచ్చేయ్ బావా" అని ఎవరో కబురు పెడితే వస్తాడు. బావ గుత్తేదారు కాడు కాబట్టి చట్టం దృష్టిలో ఇతను వలస కార్మికుడే కాడు! 2020లో పార్లమెంటు ఈ చట్టాన్ని, ఇంకా చాలా కార్మిక చట్టాలను కలిపి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ చేసింది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త కోడ్ సొంతంగా వచ్చి పనిలో చేరినవాణ్ని కూడా, జీతం 18,000 రూపాయలు దాటకపోతే, వలస కార్మికుడిగా గుర్తించింది. ఇది మంచి మార్పు. మరోవైపు, ఒకచోట ఐదుగురు వలస కార్మికులుంటే పాత చట్టం వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలి. చిన్న చిన్న షెడ్లలో నడిచే మగ్గాల ఊళ్లో ఆ ఐదుకూ పదికీ మధ్య ఎందరు జారిపోతారో ఎవరైనా తిరిగి లెక్కపెడితే బాగుంటుంది. ఊరు విడిచినందుకు ఇచ్చే భత్యం కూడా కొత్త కోడ్‌లో లేదు.

ఇక్కడినుంచి పిల్లల సంగతికి వస్తాను. ఊరు మారాలని పిల్లలు నిర్ణయించరు. పెద్దవాళ్లు నిర్ణయిస్తారు, పిల్లలు పుస్తకాల సంచీతో వెంట వెళ్తారు. మరి ఆ నిర్ణయం ఖరీదు పిల్లలు కట్టాలా?

ఈ ప్రశ్న అమెరికాలో సూటిగా కోర్టుకెక్కింది. టెక్సాస్ రాష్ట్రం 1975లో ఒక చట్టం చేసింది, అనుమతి పత్రాలు లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ల పిల్లల చదువుకు రాష్ట్రం డబ్బివ్వదని. దాంతో టైలర్ అనే ఊరి బడులు అలాంటి పిల్లలను ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు అడిగాయి. తోటల్లో, కార్ఖానాల్లో పనిచేసే మెక్సికో కుటుంబాలవి. నాలుగు కుటుంబాలు కేసు వేశాయి. కోర్టుకు వెళ్తే అక్కడే పట్టుకుని దేశం నుంచి పంపేస్తారేమోనని సామాన్లన్నీ కార్లలో సర్దుకుని మరీ వెళ్లాయట. ఎవరి కంటా పడకుండా ఉండేందుకు న్యాయమూర్తి విచారణను తెల్లవారుజామునే పెట్టారు. 1982లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పిచ్చింది. రాజ్యాంగం సమాన రక్షణ ఇస్తానన్నది 'పౌరుడికి' కాదు, 'వ్యక్తికి'. ఆ పిల్లలు వ్యక్తులే. తల్లిదండ్రుల చర్యకు పిల్లలను శిక్షించడం న్యాయం కాదు అంది. మన రాజ్యాంగంలో కూడా ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉన్నాయి. తిరిగే, స్థిరపడే హక్కులిచ్చే 19వ అధికరణం 'పౌరులు' అంటుంది. చట్టం ముందు సమానత్వమిచ్చే 14, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21 'వ్యక్తి' అంటాయి. పౌరశాస్త్రం పరీక్షలో ఈ తేడా రాస్తే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

మన దగ్గర 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల విషయంలో ఇంకా వివరంగా చెప్పింది. ఏ కారణం మీదనైనా, రాష్ట్రం లోపలైనా బయటైనా, పిల్లలు బడి మారవచ్చు. పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. పుట్టినరోజు ధ్రువీకరణ లేదని తిప్పి పంపకూడదు. అంటే మీకు బదిలీ ఉత్తర్వు ఇచ్చే సౌకర్యంలో ఒక ముఖ్యమైన ముక్కను ఈ చట్టం నేతగాడి కొడుక్కి కూడా ఇచ్చింది. ఈ మాట లింబాయత్‌లో చాలామందికి తెలియదు. మీకు తెలిసింది కాబట్టి ఇంట్లో పనికొచ్చే ఆంటీకో, వాచ్‌మన్ అంకుల్‌కో చెప్పండి. ఇది వాళ్ల పిల్లల సంగతి.

పద్నాలుగు దాటాక లెక్క మారుతుంది. ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తున్నాను.

తెనాలిలో పుట్టిన ఒక కుర్రవాడి కథ చెబుతాను. అతని సామాజిక వర్గం ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల జాబితాలో ఉంది. తండ్రికి తెనాలి తహశీల్దారు ఇచ్చిన ధ్రువీకరణ పత్రం ఉంది. 1978లో తండ్రికి ఎరువుల కార్పొరేషన్‌లో, అంటే మీ నాన్నల్లో కొందరు పనిచేసే సంస్థల్లాంటి కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలో, ఉద్యోగం వచ్చింది. బొంబాయికి వెళ్లారు. అప్పటికి అబ్బాయికి తొమ్మిదేళ్లు. అక్కడే పెరిగాడు, అక్కడే పన్నెండో తరగతి పూర్తి చేశాడు. వైద్య కళాశాలలో రిజర్వేషన్ సీటుకు దరఖాస్తు పెడితే కుదరదన్నారు, ఆ వర్గం మహారాష్ట్ర జాబితాలో లేదు కాబట్టి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో ఐదుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ఒక వర్గం ఎంత వెనకబడి ఉందన్నది ఆయా రాష్ట్రాల పరిస్థితిని బట్టి ఉంటుంది. రాజ్యాంగం జాబితాలను రాష్ట్రాల వారీగా చేయమన్నది. కాబట్టి ఒక రాష్ట్రంలోని హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదు. అదీ తీర్పు. సొంత రాష్ట్రంలో ఆ హోదా అలాగే ఉంటుంది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ పనికొస్తుంది. కానీ ఆ కుర్రవాడు తొమ్మిదేళ్లప్పుడు వదిలిన తెనాలికి ఇప్పుడు వెళ్లి సీటు అడగాలి!

కోర్టు చెప్పిన కారణంలో బలం ఉంది. వచ్చినవాళ్లందరికీ ఇక్కడ వాటా ఇస్తే, ఇక్కడి వెనకబడినవాళ్ల వాటా తగ్గుతుంది. వాళ్లూ తక్కువ కష్టాల్లో లేరు. నాకు మింగుడుపడనిది ఒక్కటే. తండ్రిని పంపింది ఉద్యోగం. ఊరు మారడంలో కుర్రవాడి ఇష్టం ఎక్కడుంది?

సరే, సొంత రాష్ట్రానికే వెళ్లి అడిగితే? అక్కడ ఇంకో మాట వినబడుతుంది, 'నాన్‌లోకల్'. దీని వెనక మన తెలుగువాళ్ల సొంత చరిత్ర ఉంది. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉద్యోగం కావాలంటే 15 ఏళ్లు అక్కడ నివాసం ఉండాలనే ముల్కీ నిబంధన ఉండేది. బయటివాళ్లు వచ్చి ఉద్యోగాలన్నీ తీసుకుంటున్నారని 1952లో హైదరాబాదులో విద్యార్థులు ఆందోళన చేశారు. 1969లో తెలంగాణ అంతా ఉద్యమించింది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే కోస్తా, రాయలసీమలు భగ్గుమన్నాయి. రాజీగా 1973లో ఆరు సూత్రాల పథకం, దానివెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. చదువులో ప్రాంతాల వారీగా 85 శాతం సీట్లు 'స్థానికులకు' కేటాయించారు. స్థానికులంటే ఎవరు? ముఖ్యంగా, అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు.

పుట్టిన ఊరు కాదు, అమ్మానాన్నల ఊరు కాదు, ఇంట్లో మాట్లాడే భాష కాదు. మీరు చదివిన చోటు. 9 నుంచి 12 దాకా సూరత్‌లో చదివిన వరంగల్ పిల్ల ఈ లెక్కలో వరంగల్‌కు స్థానికురాలు కాదు. తెలంగాణ వైద్య కళాశాలల విషయంలో ఈ నాలుగేళ్ల నిబంధనపై మళ్లీ వివాదం వచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికులు వంటి కొన్ని వర్గాలవాళ్ల పిల్లలకు మాత్రం సడలింపు ఉంది. ఆ జాబితాలో మీ ఇంటి ఉద్యోగం ఉందో లేదో ఆ ఏడాది ప్రవేశాల ప్రకటన తెప్పించి చదవాలి. నిబంధనలు మారుతూనే ఉంటాయి, పోయినేడాది అన్నయ్య చెప్పింది ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు. అఖిల భారత కోటాలో వచ్చే సీట్లకు ఈ నాలుగేళ్ల లెక్క లేదు, అది కొంత ఊరట.

ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. మనం సూరత్‌కు, బెంగళూరుకు, డల్లాస్‌కు పనికోసం వెళ్తూనే, 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది. బయటికి వెళ్తే తలుపు తెరవమంటాం, లోపలుంటే గడియ వేయమంటాం. రెండూ మనమే.

న్యూజెర్సీ బాబాయి కథ కూడా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. ఆయన హెచ్-1బి మీద వెళ్లాడు, వెంట వెళ్లిన చిన్నపాపకు హెచ్-4 ఇచ్చారు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా ఏడాదికి 7 శాతం దాటి ఇవ్వరు. భారతీయులు ఎక్కువ కాబట్టి వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోగా పాపకు 21 నిండితే హెచ్-4 చెల్లదు. రెండేళ్లప్పుడు వెళ్లి అక్కడే బడి, కాలేజీ చదివిన అమ్మాయి సొంతంగా ఇంకో వీసా సంపాదించాలి, లేదా తనకు గుర్తేలేని హైదరాబాదుకు రావాలి. ఇలాంటి పిల్లలే 'ఇంప్రూవ్ ది డ్రీమ్' అనే సంఘం పెట్టుకుని కాంగ్రెస్ సభ్యుల గుమ్మాలు ఎక్కి దిగుతున్నారు. 2021లో వాళ్లకోసం ఒక బిల్లు వచ్చింది, చట్టం కాలేదు. తెనాలి కుర్రవాడికీ, ఈ అమ్మాయికీ ఉన్న పోలిక మీకు ఈపాటికి కనిపించే ఉంటుంది. పెద్దవాళ్ల కాగితం మీద ఇద్దరూ ప్రయాణం చేశారు, ఎదిగాక ఆ కాగితం వాళ్లది కాదన్నారు.

ఓటు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1950 నాటి చట్టం ప్రకారం ఓటు మామూలుగా నివసించే చోట ఉండాలి, ఒక్కచోటే ఉండాలి. ఊళ్లో ఇల్లుందన్న ఒక్క కారణంతో అక్కడ నివాసి అయిపోరు. సైన్యం, కేంద్ర సాయుధ దళాల వాళ్లు సర్వీసు ఓటర్లుగా ఊరి జాబితాలోనే ఉండి దూరం నుంచి ఓటేయవచ్చు. ఆదాయపు పన్ను శాఖలోనో, ఎరువుల కర్మాగారంలోనో పనిచేసేవాళ్లకు ఆ వీలు లేదు. బదిలీ అయినప్పుడల్లా ఫారం 8 నింపి పేరు మార్పించుకోవాలి. నేను మూడు బదిలీల్లో ఒక్కసారే మార్పించుకున్నాను. ఇది చెప్పుకోవడానికి గర్వంగా లేదు.

ఈ వ్యాసం రాయడం పూర్తవుతుండగా డబ్బాల వేళ మళ్లీ ఆ పిల్లల దగ్గరకు వెళ్లి ఈ కథలన్నీ చెప్పాను. "మనది ట్రాన్స్‌ఫర్ కదా" అన్న పిల్లవాడు ఈసారి నవ్వలేదు. వాడు తొమ్మిదో తరగతి, వాళ్లది ఖమ్మం. వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు: తొమ్మిది సూరత్, పది సూరత్... మూడో వేలు దగ్గర ఆగాడు.

"మేడమ్, మా నాన్నకి ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. మళ్లీ ఎప్పుడు వేస్తారు?"